బొమ్మ చెప్పింది మాట చెప్పక్కర్లేదు

(పిల్లల పుస్తకాల అనువాదకులు, బడి గ్రంథాలయాలు నడిపే ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఒక పుస్తకం అచ్చయింది. రాసినాయన కొమీనియస్, మొరావియా ప్రాంతపు ఉపాధ్యాయుడు. పుస్తకం పేరులో ‘ఓర్బిస్ పిక్టస్’ అన్న మాటలుంటాయి, బొమ్మల్లో ప్రపంచం అని అర్థం. పిల్లల కోసం వేసిన తొలి బొమ్మల పుస్తకాల గురించి ఎవరు రాసినా దీని పేరు ముందు రాస్తారు. ప్రతి పాఠానికీ పైన బొమ్మ, కింద రెండు భాషల్లో వాక్యాలు, ఒకటి లాటిన్, ఒకటి జర్మన్. బొమ్మలో వస్తువు పక్కన ఒక అంకె, కింద దాని పేరు పక్కన అదే అంకె. మరుసటి ఏడాదే, 1659లో, ఇంగ్లీషులోకి కూడా వచ్చేసింది. బొమ్మల పుస్తకం పుట్టడమే రెండు భాషలతో పుట్టిందన్నమాట. అందులో మొదట్లోనే జంతువుల అరుపులతో ఒక అక్షరమాల ఉంటుంది. కాకి ‘ఆ ఆ’ అంటుంది, గొర్రెపిల్ల ‘బే ఏ ఏ’ అంటుంది. మన కాకి ‘కావు కావు’ అంటుంది, మన మేక ‘మే మే’ అంటుంది. పుస్తకం తెరవగానే అనువాదకుడికి పని తగిలింది, చూడండి.

ఆ అంకెల పద్ధతి ఒకసారి గుర్తుపెట్టుకోండి. బొమ్మలో ఏముందో మాటలో అదే ఉంటుంది, ఒకటికి ఒకటి. పాఠ్యపుస్తకానికి అది సరిపోయింది. తర్వాత వచ్చిన కథల బొమ్మల పుస్తకం ఈ పద్ధతిని దాటిపోయింది. ఇప్పుడు బొమ్మ సగం పని చేస్తుంది, మాట సగం పని చేస్తుంది, మిగిలింది చదివే పిల్ల చేస్తుంది. అనువాదాల్లో ఎక్కువ తప్పులు ఎక్కడ జరుగుతున్నాయంటే, మనం ఇంకా అంకెలు వేసుకుంటూ అనువదిస్తున్నాం. బొమ్మలో కనిపించిందంతా మాటలో కూడా పెట్టేస్తున్నాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. పేజీలో ఒకే వాక్యం ఉంది: ‘చింటూ నిద్రపోయాడు.’ బొమ్మలో చింటూ దుప్పటి ముసుగేసుకుని, లోపల టార్చిలైటు వెలిగించి పుస్తకం చదువుతున్నాడు. మూలంలో ఆ వాక్యం కావాలనే అబద్ధం చెబుతోంది. నాలుగేళ్ల పిల్ల అది చూసి ‘కాదు, నిద్రపోలేదు!’ అని అరవాలి. ఆ అరుపు కోసమే ఆ పేజీ ఉంది. అనువాదకుడికి ఏదో చెప్పకుండా వదిలేశామన్న బాధ మొదలై, ‘చింటూ నిద్రపోతున్నట్టు నటించాడు’ అని రాస్తాడు. వ్యాకరణం సరిగ్గా ఉంది, అర్థం సరిగ్గా ఉంది, పేజీ మాత్రం పోయింది. ఇక ఆ పిల్ల చేయడానికి అక్కడ ఏమీ లేదు.

అందుకని పని మొదలుపెట్టే తీరు మార్చుకోవాలి. మూలం చేతికి రాగానే మాటల మీద కాగితం కప్పేసి, బొమ్మలు మాత్రం మొదటినుంచి చివరిదాకా చూడండి. ప్రతి ఎదురెదురు పేజీల జంటకీ బొమ్మ ఒక్కటే ఏం చెబుతోందో రాసుకోండి: ఎవరున్నారు, ఎటు వెళుతున్నారు, పగలా రాత్రా, మూల నక్కి చూస్తున్న ఎలుక ఏ పేజీలో మొదలై ఏ పేజీలో మాయమైంది. ఎటు వెళుతున్నారన్నది చాలా ముఖ్యం. మనం ఎడమనుంచి కుడికి చదువుతాం కాబట్టి కుడివైపు నడిచేవాడు ముందుకు పోతున్నట్టు, ఎడమవైపు నడిచేవాడు తిరిగొస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత బొమ్మలు కప్పి మాటలు మాత్రం చదివి, అవేం చెబుతున్నాయో రాసుకోండి. రెండు జాబితాల్లో ఎక్కడెక్కడ కలవలేదో అక్కడ ఎర్రగీత పెట్టండి. కథ ఉండేది ఆ ఎర్రగీతల దగ్గరే. అనువాదం పూర్తయ్యాక ఆ గీతలు అన్నీ అలాగే మిగిలాయా అన్నది మొదటి పరీక్ష.

ఇప్పుడు పేజీల లెక్క. బొమ్మల పుస్తకాలు 16, 24, 32 పేజీలుగానే ఎందుకుంటాయి? కాగితం మడత వల్ల. పెద్ద షీటును ఒకసారి మడిస్తే 4 పేజీలు, రెండుసార్లు మడిస్తే 8, మూడుసార్లు మడిస్తే 16. ప్రెస్సులో ఫారం అనేది దీన్నే. రెండు ఫారాలు 32 పేజీలు, ఒకటిన్నర 24. అందులో పేరు పేజీ, ప్రచురణ వివరాల పేజీ, చివరి పేజీ పోతే 24 పేజీల పుస్తకంలో కథకు దాదాపు 10 జంట పేజీలు దొరుకుతాయి, 32 పేజీల దాంట్లో 12 నుంచి 14. రచయిత కథను అన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క చివర పేజీ తిప్పించేలా రాస్తాడు. కాబట్టి వాక్యాన్ని అనువదించి చేతులు దులుపుకుంటే కుదరదు, ఆ పేజీ తిప్పడాన్ని కూడా తెలుగులోకి తేవాలి.

ఇక్కడ తెలుగు వాక్యం అడ్డం తిరుగుతుంది. ఇంగ్లీషులో ‘పెట్టెలో ఉంది’ అన్న భాగం ముందొచ్చి, ఉన్నదేదో చివర్లో వస్తుంది. కుడిపేజీ చివర ఆగి, తిప్పగానే ‘పాము’ అని చెప్పొచ్చు. మనకు క్రియ చివర. అదే వరసలో కోస్తే కుడిపేజీలో ‘పెట్టెలో పాము’ అని వచ్చి, తిప్పాక ‘ఉంది’ అని వస్తుంది. ఉన్న గుట్టంతా ముందే బయటపడి, తిప్పాక తోక మిగిలింది. దీనికి మూడు దారులున్నాయి. ‘పెట్టెలో ఉన్నది...’ అని ఆపి, తిప్పాక ‘పాము!’ అనొచ్చు. బాగుంటుంది, కాస్త బిగుతుగా ఉంటుంది. ‘పెట్టెలో ఏముంది?’ అని ప్రశ్న వేయొచ్చు. ఇది అందరూ పట్టుకునే దారి, నాకంతగా నచ్చదు. కథ చెబుతున్న గొంతు ఉన్నట్టుండి మాస్టారి గొంతు అయిపోతుంది, ప్రతి పేజీకీ పరీక్ష పెట్టినట్టుంటుంది. మూడోది మన నాయనమ్మలు వాడే దారి: ‘మూత తీసి చూస్తే...’ తిప్పండి, ‘పాము!’ తెలుగులో ఈ ‘-తే’, ‘-సరికి’, ‘చూద్దును కదా’ అనేవి పేజీ తిప్పడానికే పుట్టినట్టుంటాయి. గాలిలో కాలు ఆపినట్టు వాక్యం ఆగుతుంది, తప్పు లేకుండా ఆగుతుంది. కాగితం పుస్తకం లేని రోజుల్లో ‘ఊ’ కొట్టించడానికి వాడిన మడత అది.

దీనికి ఎదురు సమస్య ఒకటుంది. ‘తీసి, కడిగి, కోసి, తిన్నాడు’ అని నాలుగు పనులను ఒక వాక్యంలో పోగేయడం మనకు చాలా సులువు. ఒకే పేజీలో నాలుగు చిన్న బొమ్మలుంటే అది అందంగా అమరుతుంది. అవే నాలుగు పనులు నాలుగు పేజీల్లో ఉంటే మాత్రం ఒక్కో పేజీకీ దాని క్రియ దానికి ఇవ్వాలి: తీశాడు. కడిగాడు. కోశాడు. తిన్నాడు. లేకపోతే మూడు పేజీల పాటు వాక్యం ముగియదు, చదివి వినిపించే అమ్మకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు.

చదివి వినిపించడం గురించి ఇంకొకటి. మనకు ‘అంది’, ‘అన్నాడు’ కూడా వాక్యం చివరే వస్తాయి. ‘నా టోపీ ఎవరు తీశారు? అంది ఎలుగుబంటి.’ చదివేవాళ్లు ఆ ప్రశ్నను మామూలు గొంతుతో చదివేశాక తెలుస్తుంది, అది ఎలుగుబంటి మాటని. అప్పుడిక గొంతు లావు చేసి ఏం లాభం? మాట్లాడేవాళ్లను ముందు చెప్పండి. ‘ఎలుగుబంటి అడిగింది, “నా టోపీ ఎవరు తీశారు?”’ అంతే. బొమ్మలో నోరు తెరిచి ఉన్నది ఎవరో స్పష్టంగా కనిపిస్తుంటే అసలు ‘అంది’ లేకుండా కూడా నడుస్తుంది.

ఒత్తుల దగ్గరికి వద్దాం. ఇది ఉపాధ్యాయులకు బాగా తెలిసిన విషయం, అనువాదకులకు తెలియాల్సినంత తెలియదు. పిల్లలే సొంతంగా చదువుకునే మొదటి మెట్టు పుస్తకాల్లో ఇంగ్లీషువాళ్లు మాటల సంఖ్యను బట్టి మెట్టు నిర్ణయిస్తారు. ఆ లెక్క తెలుగుకు అలాగే తగిలిస్తే మోసపోతాం. ‘ఆమె రాలేకపోయింది’ అన్నది మనకు రెండు మాటలు, ఇంగ్లీషులో నాలుగైదు. మాటలు తగ్గాయి కదా, సులువైందా? లేదు. ‘రాలేకపోయింది’ అన్న మాటను కూడబలుక్కునే పిల్లకు అది చిన్న కొండ. మన లెక్క అక్షరాల్లో ఉండాలి. ఒక మాటలో నాలుగు అక్షరాలు దాటుతున్నాయా, ఒత్తు ఉందా, ఉంటే ఎలాంటి ఒత్తు అని చూడాలి.

ఒత్తులే లేకుండా రాద్దామంటే అమ్మ ఉండదు, నాన్న ఉండడు, అక్క, అన్న, కుక్క, పిల్లి ఎవరూ ఉండరు. తాత, మామ, బావ లాంటి కొందరే మిగులుతారు. కాబట్టి అదే హల్లుకు అదే ఒత్తు వచ్చే ద్విత్వాలను మొదటి మెట్టులోనే రానివ్వండి. అవి పిల్లలు రోజూ పలికే మాటలు. వేరే ఒత్తు వచ్చే సంయుక్తాలను రెండో మెట్టుకు, ‘రాష్ట్రం’ లాంటి మూడు హల్లుల మాటలను ఇంకా తర్వాతకు జరపండి. ఇలా చూడటం మొదలుపెడితే ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు కొన్ని వర్తమాన కాలంలో ఉంటాయి, మనం కూడా ‘చేస్తున్నాడు, చూస్తోంది, వస్తోంది, వెళ్తోంది’ అని రాస్తాం. ప్రతిదాంట్లో ఒక సంయుక్తం, స్త, స్తో, ళ్త. అదే ‘చేశాడు, చూసింది, వచ్చింది, వెళ్ళింది’ అంటే ఒత్తు లేదు, ఉన్నా ద్విత్వమే. పైగా మనకు కథ భూతకాలంలో చెప్పడమే అలవాటు. కాలం ఒక్కటి మారిస్తే పుస్తకం ఒక మెట్టు దిగుతుంది.

సంధి సంగతి కూడా ఇలాగే పుస్తకాన్ని బట్టి తేల్చుకోవాలి. పెద్దవాళ్లు చదివి వినిపించే పుస్తకంలో ‘ఏమిటిది? ఎక్కడికెళ్లావు?’ అనే రాయండి, చెవికి అదే బాగుంటుంది. పిల్ల తనే చదువుకునే పుస్తకంలో ‘ఏమిటి ఇది?’ అని విడదీయండి. ఒకే పుస్తకంలో ఒకచోట కలిపి ఒకచోట విడదీస్తే కొత్తగా చదవడం నేర్చేవాళ్లకు అవి రెండు వేర్వేరు మాటల్లా కనిపిస్తాయి.

వరసలు. మూలంలో ‘గ్రాండ్‌మదర్’ అని ఉంటుంది. అమ్మమ్మా, నాయనమ్మా? ‘సిస్టర్’ అక్కా, చెల్లా? ‘అంకుల్’ అయితే బాబాయి, పెదనాన్న, మామయ్య, ఎవరైనా కావచ్చు. ఇక్కడ బొమ్మే మనకు దిక్కు. ఇద్దరిలో ఎవరు పొడుగు, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు, గోడ మీద ఫొటోలో ఎవరి పెళ్లి ఉంది, చూడండి. బొమ్మ తేల్చకపోతే మూల ప్రచురణకర్తను అడగండి, చిత్రకారులు చాలాసార్లు మనసులో ఒకటి అనుకునే వేస్తారు. అడిగే వీలు లేకపోతే ‘అవ్వ’ లాంటి, రెండు వైపులా సరిపోయే మాట వెతకండి. లేకపోతే మొదటి పేజీలో అమ్మమ్మ అన్నాక, తొమ్మిదో పేజీలో నాన్న ఆవిణ్ని ‘అమ్మా’ అని పిలుస్తాడు. అచ్చయిన పుస్తకాల్లోనూ ఇలాంటివి దొర్లుతుంటాయి.

సర్వనామాలు ఇంకా చిక్కు. కథలో అబ్బాయిని ‘అతడు’ అంటే పంచె కట్టుకున్నట్టుంటుంది, ‘వాడు’ అంటాం. అమ్మాయికి ‘వాడు’కు సమానమైన మాట లేదు. ‘అది’ అంటే చిన్నబుచ్చినట్టు, ‘ఆమె’ అంటే ఐదేళ్ల పిల్లకు చీర కట్టినట్టు. కాబట్టి అమ్మాయి పేరే మళ్లీ వాడండి, లేదా కర్త లేకుండా వాక్యం నడపండి: ‘గీత తలుపు తీసింది. బయటికి చూసింది. ఎగిరి గంతేసింది.’ తెలుగుకు అది లోపం కాదు, నడకే అది. జంతువుల విషయంలో మొదటి పేజీలోనే నిర్ణయం జరిగిపోవాలి. ‘కోతి వచ్చింది’ అనా, ‘కోతి బావ వచ్చాడు’ అనా? బావ అన్నారంటే చివరిదాకా వచ్చాడు, పోయాడు. లెక్క కూడా దాన్నిబట్టే మారుతుంది, మూడు ఎలుగుబంట్లా, ముగ్గురు ఎలుగుబంట్లా? బొమ్మలో చొక్కాలేసుకుని కుర్చీల్లో కూర్చుంటే ‘ముగ్గురు’ బాగుంటుంది, అడవిలో చేపలు పడుతుంటే ‘మూడు’. ఊరికే ముద్దుగా ఉంటుందని బావ, మామ తగిలించకండి. బావ అంటే మనకు ఆటపట్టించే వరస. ఒకళ్ల మీద ఒకళ్లకు భయం ఉన్న కథలో అది అతకదు.

‘మనం’, ‘మేము’ తేడా మనకున్న వరం. ఇంగ్లీషు మూలంలో రెండింటికీ ‘వుయ్’ అని ఒకే మాట ఉంటుంది. పుస్తకంలోని పిల్లలు చదివే పిల్లను కూడా వెంట తీసుకుపోతుంటే ‘మనం’, తమ సంగతి తాము చెప్పుకుంటుంటే ‘మేము’. బొమ్మలో ఎవరైనా నేరుగా మన కళ్లలోకి చూస్తున్నారా? అయితే అది ‘మనం’ పుస్తకమే కావచ్చు.

వస్తువులు, తిండి, వాతావరణం. ఇక్కడ నా మాట గట్టిగానే ఉంటుంది: బొమ్మలో ఉన్నదాన్ని మాటలో మార్చకండి. బొమ్మలో కేకు ఉంటే అది కేకే, బూరె కాదు. పిల్లలు చూస్తూనే ఉన్నారు. మాస్కో నుంచి ప్రోగ్రెస్, రాదుగ ప్రచురణలు తెలుగులో వచ్చిన రోజుల్లో, 1991 దాకా, మన పిల్లలు సమోవారును, అంటే టీ నీళ్లు కాచే రష్యన్ పాత్రను, సమోవారుగానే చదివారు. ఎవరూ దాన్ని కాఫీ ఫిల్టరు చేయమని అడగలేదు. మన భాషలో ‘మంచు’ అంటే పొగమంచూ, గడ్డిమీద మంచుబిందువూ, ఆకాశం నుంచి రాలేదీ, గడ్డకట్టిందీ అన్నీ. వ్యాసంలో అయితే ఇది చిక్కు. బొమ్మల పుస్తకంలో ఏ మంచో బొమ్మ చెబుతుంది, మీరు ‘మంచు’ అంటే చాలు. ‘పచ్చ’ కూడా అంతే, పసుపుకూ వాడతాం, ఆకురంగుకూ వాడతాం. అయితే రంగులు నేర్పే పుస్తకంలో మాత్రం ‘ఆకుపచ్చ’, ‘పసుపు’ అని విడగొట్టాల్సిందే. ఊదా అంటే తెలియని పిల్లకు ‘వంకాయ రంగు’ అంటే తెలుస్తుంది.

మాండలికం గురించి అనువాదకులు భయపడతారు. వేరుశనక్కాయ అనాలా, పల్లీ అనాలా, అనంతపురం వైపు బుడ్డలు అంటారు కదా అని. గోంగూర తెలంగాణలో పుంటికూర. చిత్తూరు జిల్లాలో అనపకాయలంటే చిక్కుడు లాంటి గింజల కాయ, కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. ఒకచోట వండిన కూర ఇంకోచోట వేరే కూర. వ్యాసానికి ఇది ప్రమాదం. బొమ్మల పుస్తకానికి పక్కనే కాయ బొమ్మ ఉంది, ధైర్యంగా ఒక మాట ఎంచుకోండి. పక్క జిల్లా పిల్లకు ఒక కొత్త పేరు ఉచితంగా దొరుకుతుంది. ‘వచ్చిండు’ అని మాట్లాడే ఊరి కథ అయితే, మాటల్లో ‘వచ్చిండు’ ఉండాలి. బొమ్మలో ఆ ఊరి ఇల్లు, ఆ ఊరి కట్టు ఉండి నోట్లో వేరే ఊరి మాట ఉంటే, డబ్బింగు సినిమాలా పెదాలు కలవవు.

చప్పుళ్లు మనకు కొదవలేదు. వాన ఒక్కటే తుంపరగా పడుతుంది, టపటప పడుతుంది, జోరున కురుస్తుంది, ముసురు పడుతుంది. మూలంలోని చప్పుడును తెలుగు లిపిలో రాసేసి ఊరుకోకండి. రాయి నీళ్లలో పడితే ‘బుడుంగు’మనాలి. ఏ చప్పుడో ఎంచుకునేముందు బొమ్మలో రాయి ఎంత ఉందో చూడండి, గులకరాయికి ‘డుబుక్కు’, బండకు ‘దబ్బు’. చప్పుళ్లను చిత్రకారులు చేత్తో బొమ్మలోనే రాసేసి ఉంటే అది వేరే పని, దాన్ని తెలుగులో మళ్లీ చేత్తోనే రాయించాలి. కంప్యూటర్ ఫాంటు అతికిస్తే ఆ ఒక్క మాట పేజీలోంచి ఊడిపోయినట్టు కనిపిస్తుంది.

ప్రాస కోసం ఎక్కువసేపు ఆగను. ఇంగ్లీషులో పాదం చివర ప్రాస, అది తేలిగ్గా దొరకదు కాబట్టి విలువ. మనకు క్రియలన్నీ చివరే ఉండి ‘-ింది, -ింది’ అని వాటంతటవే కలిసిపోతాయి. అడక్కుండా దొరికే అంత్యప్రాసకు బలం తక్కువ. మన చెవిని పట్టేది నడక, తర్వాత రెండో అక్షరం ప్రాస. మూలంలోని ప్రాసను వదిలేసి, చప్పట్లు కొడితే పడేలా నాలుగు మాత్రలదో, మూడు మాత్రలదో ఒక నడక ఎంచుకుని చివరిదాకా తప్పకుండా నడపండి. ప్రాస కోసం బొమ్మలో లేని కుందేలును తెచ్చి కూర్చోబెట్టకండి.

ఇక అచ్చు. అనువాదకులు ఇది తమ పని కాదనుకుంటారు, పుస్తకాలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. రంగుల అచ్చుకు నాలుగు ప్లేట్లుంటాయి: నీలం, మెజెంటా, పసుపు, నలుపు. బొమ్మ నాలుగింటిలోనూ ఉంటుంది. అక్షరాలు నలుపులో మాత్రమే ఉండేలా చూసుకుంటే, నాలుగైదు భాషల్లో ఒకేసారి అచ్చు వేసేటప్పుడు రంగు ప్లేట్లను కదపకుండా నల్లది ఒక్కటి మారిస్తే చాలు. ఖర్చు బాగా తగ్గుతుంది. ఎక్కడ చెడుతుందంటే, చీకటి ఆకాశం మీద తెల్ల అక్షరాలు. తెల్ల అక్షరమంటే సిరా పడని చోటు, ఆ ఆకారం రంగున్న ప్రతి ప్లేటులోనూ తెరిచి ఉండాలి. భాష మారితే అన్నీ మార్చాలి. పైగా ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా మన సన్న ఒత్తులు పూడుకుపోతాయి. నల్ల అక్షరాలకు నాలుగు రంగులూ కలిపిన నలుపు ఇచ్చినా ఇదే గతి, ప్రతి అక్షరానికీ రంగు అంచు వస్తుంది. మీ డీటీపీ చేసేవాళ్లను, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చేవాళ్లను, ‘అక్షరాలు ఒక్క నలుపులోనే ఉన్నాయా?’ అని అడగండి.

తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరంలా ఒక గీత మీద కూర్చోదు. పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తు, కొన్నిసార్లు ఒత్తుకు మళ్లీ ఒత్తు. ఇంగ్లీషు పుస్తకంలో 18 పాయింట్ల (పాయింటంటే అక్షరాల సైజు కొలత) అక్షరానికి 22 పాయింట్ల వరస ఎడం సరిపోతే, మనకు 28 దాకా కావాలి. అది ఇవ్వకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. మొదటి మెట్టు పుస్తకానికి అక్షరం 20 నుంచి 24 పాయింట్లు ఉండాలని నా అభిప్రాయం. అంటే బొమ్మ పక్కన మూడు వరసల చోటే ఉంటే, మీ అనువాదం మూడు వరసలకు మించకూడదు. రాసేటప్పుడే ఆ కొలత దగ్గర పెట్టుకోండి, లేఅవుట్ దగ్గర ఎవరో కత్తిరిస్తారు, వాళ్లకు కథ తెలియదు. రెండు అంచులూ సమంగా వచ్చేలా సర్దించకండి. మన మాటలు పొడుగు, వరసకు మూడు మాటలే పడితే మధ్యలో గుంతలు పడతాయి. ఎడమ అంచు ఒక్కటే సమంగా ఉంచి, వరస ఎక్కడ తెగాలో మీరే గుర్తుపెట్టి ఇవ్వండి. ‘చెట్టు / మీద’ అని తెగకూడదు, ‘చెట్టు మీద / కోతి’ అని తెగాలి.

యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా ఒకేలా చదవగల అక్షరాల పద్ధతి) తెలుగును పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పోసినప్పుడు ‘వరల్డ్ రెడీ కంపోజర్’ అనే అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి అక్షరాల పక్కన నిలబడతాయి. పాత అను ఫాంట్ల (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని అక్షరాలు వేరే అక్షరాలైపోతాయి. రెండు సందర్భాల్లోనూ మీరు పంపిన ఫైలు సరిగ్గా ఉంటుంది, ప్రూఫులో తప్పులుంటాయి. అందుకే చివరి పీడీఎఫ్ చూడకుండా ఏ అనువాదకుడూ పని అయిపోయిందనకూడదు. ఫాంటు ఎంపికలో ద, ధ, థ పక్కపక్కన పెట్టి చూడండి, మ, య పక్కపక్కన పెట్టి చూడండి. దూరం నుంచి తేడా తెలియకపోతే ఆ ఫాంటు పెళ్లి శుభలేఖకు పనికొస్తుంది, చదవడం నేర్చుకునే పిల్లకు పనికిరాదు.

హక్కుల గురించి రెండు మాటలు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది, అనువాదం చేసే హక్కు అందులో భాగమే. బొమ్మల పుస్తకంలో మాటకూ బొమ్మకూ హక్కులు వేర్వేరు. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటినా చిత్రకారుడికి దాటకపోవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పిల్లల కథల వేదిక స్టోరీవీవర్ లాంటి చోట్ల క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, అంటే వాడుకోవడానికి ముందే అనుమతి ఇచ్చి, పెట్టిన పుస్తకాలను ఎవరైనా అనువదించొచ్చు, కానీ రచయిత పేరు, చిత్రకారుడి పేరు, ఇది అనువాదమన్న సంగతి తప్పకుండా వేయాలి. మీ అనువాదం మీద హక్కు మీది. మీ పేరు అట్టమీద వేయమని అడగండి.

ఇంతవరకూ లోపలికి తెచ్చే అనువాదం. బయటికి పంపేదీ ఉంది. ఏడు చేపల కథనే తీసుకోండి. చేప ఎండలేదు, గడ్డిమేటు అడ్డమొచ్చింది, ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పాప ఏడ్చింది, చీమ కుట్టింది. ఏడుగురికి ఏడు ప్రశ్నలు. మొదట రాజకొడుకుల వేటకూ, చేపలు ఎండబెట్టడానికీ మూడు జంట పేజీలు వేసుకుంటే మొత్తం 10, సరిగ్గా 24 పేజీల పుస్తకం. ప్రశ్న కుడి అంచున, జవాబు పేజీ తిప్పాక. ఎవరో ముందే కొలిచి చేసినట్టుంది. దీన్ని వేరే భాషలోకి పంపినప్పుడు చీమ అనే ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ దగ్గర ఇబ్బంది. మన ‘బంగారు’లో ముద్దు ఉంది, ‘బంగారు తల్లి’ అన్నప్పటిలాగా. దాన్ని ‘స్వర్ణంతో చేసిన’ అని అనువదిస్తే, ఆ అనువాదం చదివి బొమ్మ వేసే చిత్రకారుడు ధగధగ మెరిసే పసిడి పుట్ట వేస్తాడు. కథలో ఉన్నది మామూలు మట్టిపుట్ట, చీమకు బంగారం. మాటకు పక్కన ‘మట్టి రంగే’ అని చిత్రకారుడికి ఒక చీటీ రాసి పంపాలి. ‘కుట్టనా?’ అన్న మూడక్షరాలకు బదులు పది మాటల వాక్యం వస్తే కథ చివర చురుకు ఉండదు, దానికి ఆ భాషలో పొట్టి ప్రశ్న దొరికేదాకా వెతకమని చెప్పండి.

(సభలో ఒకరు: హిందీ, బెంగాలీ పుస్తకాలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేయవచ్చా?)

తప్పనిసరైతే చేస్తాం, కానీ మూలం కూడా పక్కన పెట్టుకోండి. హిందీలోనూ బెంగాలీలోనూ చంద్రుడు పిల్లలకు మామే, మనకూ చందమామే. మధ్యలో ఇంగ్లీషులో ఆ మామ పోతాడు, మనం ‘చంద్రుడు’ అని రాస్తాం. హిందీలో ప్రతి జంతువుకూ లింగం ఉంది, చీమ ఆడ, ఏనుగు మగ. ఇంగ్లీషు దాన్ని ‘హి’, ‘షి’ చేస్తుంది, అదేదో కథకు అవసరమనుకుని మనం ‘ఏనుగు మామ’ను పుట్టిస్తాం. మూలంలో అది వ్యాకరణం మాత్రమే.

(మరొకరు: అమెరికాలో ఉన్న మన పిల్లలకు రెండు భాషలూ ఒకే పేజీలో వేయడం మంచిదేనా?)

అమ్మానాన్నలకు తెలుగు చదవడం తడబాటుగా ఉన్న ఇంట్లో పనికొస్తుంది. చిక్కేమిటంటే పిల్ల కళ్లు ఇంగ్లీషు మీదికే పోతాయి. తెలుగు పెద్ద అక్షరాల్లో బొమ్మకు దగ్గరగా వేసి, ఇంగ్లీషును చిన్నగా పేజీ అడుగునో, పుస్తకం చివర ఒకే పేజీలోనో వేయండి. రెండూ వాక్యానికి వాక్యం సరిపోవాలని తెలుగును వంచకండి.

(ఇంకొకరు: 300 మాటల పుస్తకానికి ఎంత సమయం అడగాలి?)

మూడు వారాలు అడగండి. రాయడానికి రెండు మూడు రోజులు. తర్వాత వారం పక్కన పెట్టాలి. ఆపైన తెల్లకాగితాలు మడిచి డమ్మీ కుట్టి, బొమ్మల జిరాక్సులు అతికించి, మీ మాటలు చేత్తో రాసి, ఆ పుస్తకం ఎన్నడూ చూడని మనిషికి ఇచ్చి పిల్లల ముందు చదివించాలి. మీరు చదవకండి, మీకు ఎక్కడ ఆగాలో తెలుసు. మీరు వెనక కూర్చుని, చదివేవాళ్లు ఎక్కడ తడబడ్డారో, ఏ పేజీ తిప్పేముందే పిల్లలు జవాబు చెప్పేశారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తుల దగ్గర సరిదిద్దడానికి ఇంకో రెండు రోజులు. మిగిలిన వారం లేఅవుట్‌కు, ప్రూఫుకు.